‘ఇద్దరన్నదమ్ములు’ పడవ, అందులోని బిస్కట్ డబ్బా

మెప్పెల్ రేవులో కట్టి ఉన్న ‘ఇద్దరన్నదమ్ములు’ అనే సరుకు పడవలో కాపురముంటున్న రూలోఫ్ హావర్‌కాంప్ అనే నేను, డెబ్భై ఒక్క ఏళ్ల వయసులో, తెలివి సరిగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా, పొద్దుటి నుంచి కాఫీ తప్ప మరేమీ తాగకుండా, నా సొంత చేతిరాతతో రాసుకుంటున్న వీలునామా ఇది. ఇంతకు ముందు ఇలాంటిది రాయలేదు కాబట్టి రద్దు చెయ్యవలసిన పాతదేమీ లేదు.

రాయడానికి కారణం చెబుతాను. ఈ నెల పదహారున జ్వోల్లె ఆసుపత్రిలో నా గుండె కవాటం ఒకటి మారుస్తారు. “చాలామంది లేచి ఇంటికి వెళ్లిపోతారు” అని డాక్టరమ్మ చెప్పింది. మంచి మాటే. కాని చాలా పడవలు మునగవు కదా అని నేను ఏనాడూ బీమా లేకుండా సరుకు ఎత్తలేదు. ఇదీ ఆ బీమాలాంటిదే.

బడి నేను పద్నాలుగో ఏట మానేశాను. చట్టం భాష నాకు రాదు. నోటరీ గారు ఒక నమూనా కాగితం ఇచ్చారు. దాన్ని చూసి కొంత, నా ఇష్టం వచ్చినట్టు కొంత రాస్తున్నాను. సాక్షులు అవసరం లేదని ఆయన అన్నారు. నేనే కావాలన్నాను. అయితే సాక్షి సంతకం పెట్టినవాళ్లకి ఇందులో చిల్లిగవ్వ కూడా రాయకూడదట. సాక్షి తన పేరు పక్కన తను నాకు ఏమవుతారో సొంత చేతితో రాస్తే మంచిదని కూడా చెప్పారు. ఆ మాట వాళ్లదే. నేను చెప్పను, దిద్దను. పక్క పడవలో ఉండే హిల్లె పోస్త్‌మా, ఆవిడ భర్త సంతకాలు పెడతామన్నారు.

ఆస్తి సంగతికి వెళ్లే ముందు అసలు సంగతి రాసేస్తాను. చావంటే నాకు మరీ అంత భయం లేదు. నా భయం అక్టోబరు పన్నెండు గురించి. అది నా భర్త ఎవర్ట్ దెక్కర్ పుట్టినరోజు. పుట్టినరోజు నాడు మనం చెయ్యి కలిపేది పుట్టినవాడితో ఒక్కడితోనే కాదు. కుర్చీలు గుండ్రంగా వేసుకుని కూర్చున్న అతనివాళ్లందరితోనూ కలుపుతాం. నీ తమ్ముడి పుట్టినరోజు, నీకు అభినందనలు. నీ భర్త పుట్టినరోజు, నీకు అభినందనలు. నేను లేకపోతే ఆ గుండ్రంలో ఎవర్ట్‌ మనిషి అని ఎవరితో చెయ్యి కలపాలి? అతనికి తోడబుట్టింది ఒక్క అక్క, అలైడా. డెబ్భై తొమ్మిదేళ్లు. ఆవిడ మా పడవ మీద ఇంతవరకు కాలు పెట్టలేదు.

కింద రాసినవాటిలో తక్కినదంతా ఆస్తి. నాకు కావలసింది మాత్రం ఆవిడ ఈ పడవ ఎక్కడం.

ఒకటి. ‘ఇద్దరన్నదమ్ములు’ పడవలో నా సగం వాటా, ఇంజను, రెండు లంగర్లు, తాళ్లు, పడవ ముందుభాగంలో ఉన్న పెయింటు డబ్బాలతో సహా, సర్వహక్కులతో నా భర్త ఎవర్ట్‌కు చెందాలి. రెండో సగం ఎప్పుడూ అతనిదే. ఉండాలనిపించినంత కాలం ఉండవచ్చు. అమ్మాలనిపిస్తే అమ్మవచ్చు. ఎవరూ అతన్ని తొందరపెట్టకూడదు. ఒడ్డు మీద ఇల్లు తీసుకోమని ఎవరూ హితవు చెప్పకూడదు. అతనికి కదలని నేల మీద నిద్ర పట్టదు.

భర్త అనే మాట రాసి, పెన్ను పక్కన పెట్టి, ఒకసారి పైకి వెళ్లి గాలి పీల్చుకుని వచ్చాను. పదహారేళ్లుగా ఆ మాట రాస్తున్నాను. పన్ను కాగితాల మీద, బీమా కాగితాల మీద, రేవు కాగితాల మీద. రాసిన ప్రతిసారీ నాకు వాల్ నది పొంగిన ఉదయం గుర్తొస్తుంది. తలుపు తీసి చూస్తే రాత్రి ఒడ్డు ఉన్నచోట ఒడ్డు లేదు. పొలాలు లేవు. దూరంగా చెట్ల తలలు మాత్రం ఉన్నాయి. ఎటు చూసినా వెలుగే, నీళ్ల మీద వెలుగు. మనది అనుకున్న నది ఇంత పెద్దదా అని చూస్తూ నిలబడిపోయాం. ఆ మాట కూడా నాకు అంత పెద్దదిగానే ఉంటుంది. పన్ను గుమాస్తాకి మాత్రం అది ఒక చిన్న గడి.

పడవ పేరు గురించి. దీన్ని నిజంగానే ఇద్దరు అన్నదమ్ముల దగ్గర కొన్నాం. పడవకి పేరు మారిస్తే అచ్చిరాదని మావాళ్ల పట్టింపు, అందుకని మార్చలేదు. ఎవర్ట్ మొదటి రోజే ముక్కు దగ్గర నిలబడి పేరు చదివి, “ఇక మా అమ్మకి అబద్ధం చెప్పక్కర్లేదు, పడవే చెబుతుంది” అన్నాడు. ఆ పేరు ఒక్కసారి మాకు పనికొచ్చింది. డాన్యూబ్ నది మీద బాగా తూర్పుకి వెళ్లినప్పుడు, ఒక దేశపు రేవులో ఆఫీసరు మా ఇద్దరి పాస్‌పోర్టులూ చూసి, ఒకే గది, ఒకే పరుపు చూసి, మీరిద్దరూ ఏమవుతారని అడిగాడు. నేను పడవ పేరు చూపించాను. ఇంటిపేర్లు వేరే ఉన్నాయన్నాడు. తల్లులు వేరని ఎవర్ట్ చెప్పాడు. ఆ వారం మేము ఒడ్డు మీద ఒకరి పక్కన ఒకరు నడవలేదు. తిరుగు ప్రయాణంలో లోబిత్ దగ్గర మన సరిహద్దు దాటగానే, చుక్కాని దగ్గరున్న నా భుజం మీద ఎవర్ట్ చెయ్యి వేశాడు. ఎదురుగా వచ్చిన ఇసుక పడవవాడు అది చూసి, మామూలుగా చెయ్యి ఊపాడు. అంతే. ఆ ఊపిన చెయ్యి నాకు ఇప్పటికీ కళ్ల ముందు ఉంది.

కాబట్టి పడవ ఎవరు కొన్నా ఆ పేరు ఉంచమని అడగాలి. ఒప్పుకోకపోతే పోట్లాడవద్దు.

రెండు. బ్యాంకులో ఉన్నదంతా ఎవర్ట్‌కు చెందాలి. అందులోంచి ఏటా ఒకసారి నైమేఖెన్‌కు రైలు టికెట్టు కొనుక్కుని, రేవు వెనక వీధిలో ఉన్న రొట్టెల అంగడిలో ఒక నల్లరొట్టె కొనాలని నా కోరిక. ఇది షరతు కాదు. ఆ అంగడి ఇప్పుడు పాత యజమానురాలి మనవడిది.

మేము పడవ కొన్న కొత్తలో ఆ ముసలావిడ దగ్గర ఎవర్ట్ రోజూ రొట్టె కొనేవాడు. ఒకరోజు అతనికి జ్వరం వస్తే నేను వెళ్లాను. ఏ రొట్టె కావాలో తెలియక నిలబడ్డాను. అంగడి నిండా జనం. “నువ్వు ఆ నవ్వుమొహం అబ్బాయి తాలూకు కదూ? మీ ఆయన తీసుకునేది ఇది. నీకు గట్టిది ఇష్టమని అంచు మాడినదాన్ని ఏరుకుంటాడు” అంది. ఆవిడ గొంతు తగ్గించలేదు. నా వెనకాల ఉన్నావిడ గసగసాల రొట్టె ఉందా అని అడిగింది. నేను రొట్టె పట్టుకుని రేవు దాకా నడిచి, పడవ దాటి పోయి, మళ్లీ వెనక్కి వచ్చాను. అప్పటిదాకా నాకు అంచు మాడిన రొట్టె ఊరికే దొరుకుతోందనుకున్నాను.

మూడు. కాలువలో పడవలను ఎత్తుకీ పల్లానికీ మార్చే నీటి తలుపుల దగ్గర, అంటే లాకు దగ్గర, కాపరిగా పనిచేసి రిటైరైన నా స్నేహితుడు బేరెంద్ ఎల్సింగకు నా నీలం కోటు, దానితోపాటు పందొమ్మిది వందల తొంభై ఐదు నాటి నా రోజువారీ లెక్కల పుస్తకం చెందాలి. ఆ ఏడాది వరద నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయన్న దాని మీద మాకు ఇప్పటికీ తగాదా ఉంది. పుస్తకంలో నేను రాసిందే నిజం. మిగతా పుస్తకాల్లో డీజిలు, బంగాళాదుంపలు, నీటిమట్టం తప్ప ఏమీ లేవు. వాటిని పొయ్యిలో వేసుకోవచ్చు.

ఆ నీలం కోటు నా పెళ్లిది. రెండువేల మూడు మార్చిలో, సోమవారం ఉదయం తొమ్మిదింటికి. ఆ వేళకైతే మునిసిపాలిటీ రుసుము తీసుకోదు. పడవ నిండా మొక్కజొన్న ఉంది, మధ్యాహ్నానికి దాన్ని చేరవెయ్యాలి. బేరెంద్ ఒక సాక్షి. అతని తోటి కాపరి రెండో సాక్షి. ఉంగరాలున్నాయా అని గుమాస్తా అమ్మాయి అడిగింది. లేవన్నాను. పనిలో వేలు తెగుతుందని ఎవర్ట్ వివరించాడు. “మంచిదే, వేళ్లు ఎక్కువ అవసరం” అని, పుస్తకం తిప్పి సంతకం చెయ్యమంది. ఒక లాకు నిండేంత సేపు కూడా పట్టలేదు.

నేను జీవితంలో ఎక్కువ కాలం లాకుల్లో గడిపాను. కింద నిలబడతాం. రెండు పక్కలా తడి గోడలు, నెత్తిన కాస్త ఆకాశం. నీళ్లు వస్తాయి, పడవ లేస్తుంది. బయటి నీళ్లూ లోపలి నీళ్లూ సమానమయ్యాక ఒక్క క్షణం అన్ని చప్పుళ్లూ ఆగిపోతాయి. అప్పుడు ఆ తలుపులు, ఇంటికంటే ఎత్తైనవి, ఏ బలమూ లేకుండా వాటంతట అవి విడిపోతాయి. ముందంతా వెలుగు, నది, ఆవులు. వేలసార్లు చూశాను. ఒక్కసారి కూడా మామూలుగా అనిపించలేదు. సంతకం పెట్టి తలెత్తితే గుమాస్తా అమ్మాయి ఎవర్ట్‌తో, “మీ భర్త సంతకం బాగుంది, మీది కోడి కెలికినట్టుంది” అంటోంది. నాకు ఆ చప్పుడు ఆగిన క్షణం వినబడింది.

ఆ మధ్యాహ్నం బేరెంద్ లాకు దగ్గరికి మా పడవ వచ్చేసరికి, చుట్టుపక్కల పడవలన్నీ వినే రేడియోలో అతని గొంతు పలికింది. “ఇద్దరన్నదమ్ములు, లోపలికి రండి. పొద్దున మీకు పెళ్లయిందట కదా, అన్నదమ్ములకి చట్టం ఒప్పుకుంటుందా?” ఎవర్ట్ మైకు తీసుకుని, “తల్లులు వేరు” అన్నాడు. లాకులో ఉన్న పడవలన్నీ హారన్లు మోగించాయి. నేను చుక్కాని వదల్లేదు.

నాలుగు. ఎవర్ట్ మేనకోడలు, అలైడా కూతురు ఫెమ్కె ఈ వీలునామాను అమలు చెయ్యాలి. ఆమెకు పడవ గంట, నా దుర్భిణి చెందాలి. తల్లి రాని పడవకు ఆమె పెద్దదయ్యాక తనంతట తను వచ్చింది. దాచి రాలేదు, చెప్పే వచ్చింది. ఆ దుర్భిణిలోంచి ఒక ఏడాది ఆగస్టులో, ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇసుక దింపుకోవడానికి వంతు కోసం ఆగి ఉన్నప్పుడు, మా వంటి మగవాళ్ల, ఆడవాళ్ల ఊరేగింపు పడవలు కాలువలో పోవడం చూశాం. ఒక పడవ నిండా పోలీసులు, నిజం పోలీసులే, టోపీలు పెట్టుకుని చిందులేస్తున్నారు. తూర్పు రేవులో పాస్‌పోర్టు తిరగేసిన ఆఫీసరు గుర్తొచ్చి నేను దుర్భిణి దించలేకపోయాను. ఎవర్ట్ బంగాళాదుంపలు చెక్కుతూ, “చాల్లే, ఇటియ్యి. అందులో మన పన్నులాయన కూడా ఉన్నాడేమో చూడాలి” అన్నాడు. రంగుల పడవలోంచి ఎవరో మమ్మల్ని చూసి, మీరూ రండని కేకేశారు. ఎవర్ట్ కత్తి ఊపి, వంద టన్నుల ఇసుకతో ఎక్కడికి రమ్మంటారని అరిచాడు.

ఐదు. ఎవర్ట్ తల్లి వాడిన నీలం రేకు బిస్కట్ డబ్బా, మూత మీద మంచులో జారుతున్న పిల్లల బొమ్మ సగం చెరిగినది, ఎవర్ట్ అక్క అలైడా దెక్కర్‌కు చెందాలి. ఒక షరతు ఉంది. ఆవిడ స్వయంగా పడవ ఎక్కి, కూర్చుని, ఎవర్ట్ కలిపిన కాఫీ తాగి, అతని చేతి మీదుగా దాన్ని అందుకోవాలి. అది ఎవర్ట్ పుట్టినరోజు నాడే జరగాలి. ఇంకొకరిని పంపితే చెల్లదు. పోస్టులో పంపకూడదు.

ఇది ఎందుకో అలైడాకు తెలుసు. తెలియనివాళ్ల కోసం రాస్తున్నాను. వాళ్ల అమ్మ పోయినప్పుడు, అంత్యక్రియలయ్యాక చర్చి పక్క గదిలో అందరికీ కాఫీ ఇచ్చారు. మా దేశంలో కాఫీతో మనిషికి ఒక్క బిస్కట్, ఆ తరువాత డబ్బాకి మూత. ఏ ఇంట్లోనైనా అంతే, దానికి నేను తప్పుపట్టను. అలైడా డబ్బా పట్టుకుని వరసగా వచ్చింది. నా ముందున్న పాలవాడికి ఇచ్చింది. నా దగ్గరికి వచ్చేసరికి మూత పెట్టేసింది. నన్ను దాటాక, నా తరువాతి మనిషి దగ్గర మళ్లీ తీసింది. ఎవర్ట్ చూశాడు. తల్లి సామాన్లలో ఏం కావాలని అడిగితే, ఆ డబ్బా అన్నాడు. “ఒట్టి డబ్బాయేనా? గడియారం తీసుకోరా” అంది అలైడా. “డబ్బా చాలక్కా” అన్నాడు. ఎందుకడిగాడో ఆవిడకి అర్థమైంది. మొహం ఎర్రబడింది. “ఆ పడవ మీద నేను కాలు పెట్టను” అంది. వాళ్ల ఊరివాళ్లు అన్న మాట తప్పరు. ఇరవై ఎనిమిదేళ్లయింది.

ఆవిడ మీద నాకు కోపం లేదని రాస్తే ఈ పత్రం విలువ పోతుంది. ఉంది. మూత వేసిన ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినబడుతుంది. కాని ఆవిడ ఏటా చలికాలం ముందు ఎవర్ట్‌కు ఉన్ని మేజోళ్లు అల్లి పంపుతుంది. మా పెళ్లయిన ఏడాది నుంచి పొట్లంలో రెండు జతలు వస్తున్నాయి. రెండోది చాలా పెద్దది. ఏ ముక్కా రాసి ఉండదు. అది నాకేనా అని మొదటిసారి ఎవర్ట్‌ను అడిగాను. “లంగరు పట్టేంత పాదాలు ఈ ఇంట్లో ఇంకెవరికి ఉన్నాయి?” అన్నాడు. తొడుక్కున్నాను. సరిగ్గా సరిపోయాయి. నా కొలత ఆవిడకి ఎవరు చెప్పారో ఈనాటికీ తెలియదు. ఎవర్ట్ చెప్పలేదంటాడు. ఎప్పుడో ఒకసారి నా బూట్ల వైపు చూసి ఉండాలి. అంత్యక్రియల గదిలో తప్ప ఆవిడ నన్ను చూసింది లేదు.

పుట్టినరోజు నాడు ఫోను మోగితే ఎవర్ట్ చేతులు తుడుచుకుని తీస్తాడు. ఇంకెవరు ఫోను చేసినా అలా తుడుచుకోడు. అక్కా తమ్ముడూ కాసేపు వానల గురించి మాట్లాడుకుంటారు. పెట్టేశాక నా వైపు తిరిగి, “అక్కకి మోకాలు నొప్పిట” అంటాడు. నేను పోయాక అతనికి వానలు, మోకాలు మాత్రమే మిగలకూడదు. అందుకే ఈ డబ్బా.

ఆరు. నన్ను మెప్పెల్ శ్మశానంలో మేము కొనుక్కున్న గోతిలో పాతిపెట్టాలి. ఒకరి మీద ఒకరిని దించే లోతు తవ్విస్తారు. ముందు పోయినవాడు కింద. పడవలో మొదట్లో ఆ అన్నదమ్ములు వదిలి వెళ్లిన రెండంతస్తుల మంచం ఉండేది. పైది నాది. దాన్ని కోసి ఒక్కటి చేసింది ఎవర్ట్. గొయ్యి కొన్న రోజు, “మొదట్లో నా నెత్తిన పడుకున్నావు, ఇప్పుడు కిందికి దిగు” అన్నాడు. ముందు పోతే కదా అన్నాను. “తొందరేం లేదు” అని బయటికి వెళ్లి చాలాసేపు సైకిలు తాళంతో కుస్తీ పట్టాడు.

శ్మశానం ఆఫీసులో ఉన్న కుర్రవాడు మమ్మల్ని రెండే ప్రశ్నలడిగాడు. రాయి బూడిద రంగా, నలుపా? పేర్ల మధ్య చుక్క పెట్టాలా, గీతా? నేను మూడో ప్రశ్న కోసం ఆగాను. అతను ఇక కాఫీ కావాలా అన్నాడు.

బూడిద రంగు. గీత.

ఏడు. మిగిలిన చిన్నా పెద్దా అన్నీ ఎవర్ట్ ఇష్టం.

ఆరో తేదీన మొదలుపెట్టిన ఈ పత్రం ఇక్కడ ముగిసింది అనుకున్నాను. తొమ్మిదో తేదీన ఫెమ్కె వచ్చి, అమలు చెయ్యవలసిన మనిషిని కదా అని కూర్చుని చదివింది. ఐదో నిబంధన దగ్గర ఆగింది. “మావయ్యా, ఇది అమ్మకి చెప్పనా?” అంది. నేను పోయాక చెప్పమన్నాను. “నీకు అమ్మ సంగతి తెలియదు” అని కాగితం మడిచి ఇచ్చేసింది. చెబుతానని గాని, చెప్పనని గాని అనలేదు. చెప్పింది. అందువల్ల కిందిది కలపవలసి వచ్చింది.

ఎనిమిది. ఈ రోజు అక్టోబరు పన్నెండు. పొద్దున కుర్చీలు గుండ్రంగా వేశాం. బేరెంద్ వచ్చాడు. పక్క పడవ నుంచి హిల్లె ఒక్కతే వచ్చింది. ఆవిడ భర్తకి జ్వరం, మూలుగుతూ పడుకున్నాడట. సంతకానికి ఒక సాక్షి తక్కువయ్యారని నేను లెక్క వేసుకుంటున్నాను. బేరెంద్‌కి కోటు రాశాను కాబట్టి అతను పనికిరాడు. ఎవర్ట్ వంటగదిలో కేకు కోస్తున్నాడు. బేరెంద్ కిటికీలోంచి చూసి, “రూలోఫ్, ఒడ్డున ఎవరో పెద్దావిడ నీ పడవని తిడుతోంది” అన్నాడు.

నేను పైకి వెళ్లేసరికి ఫెమ్కె కారు తలుపు వేస్తోంది. అలైడా నల్లకోటు వేసుకుని, కర్ర పట్టుకుని, ఒడ్డుకీ పడవకీ మధ్య వేసిన చెక్క వైపు చూస్తోంది. “ఇంత సన్నటి చెక్క మీద మనుషులు నడుస్తారా, కోళ్లు నడుస్తాయా?” అంటోంది. ఆ గొంతు విని ఎవర్ట్ కేకు కత్తితోనే పరుగెత్తుకొచ్చాడు.

“అక్కా, ఎక్కనన్నావు కదా.”

“అన్నాను. చచ్చాక ఇచ్చే డబ్బా కోసం నేను పడవ ఎక్కాలిట. ఈ వయసులో ఎవరు ముందో ఎవరికి తెలుసు? ఆ కత్తి అవతల పెట్టి చెయ్యియ్యి.”

ఎవర్ట్ ఒక చెయ్యి పట్టుకున్నాడు. రెండో వైపు కర్ర. ఆవిడ మధ్యలో ఒకసారి ఆగి కిందికి, నీళ్లలోకి చూసింది. మళ్లీ నడిచింది. నేను ఇవతల నిలబడి ఊపిరి బిగబట్టాను. డాక్టరమ్మ వద్దన్న పని అది.

లోపలికి వచ్చి కోటు విప్పకుండానే వరస మొదలుపెట్టింది. మొదట ఎవర్ట్‌కు బుగ్గల మీద మూడు ముద్దులు. తరువాత బేరెంద్, “ఎవర్ట్ పుట్టినరోజు, అభినందనలు.” తరువాత హిల్లె, ఆపైన కూతురు. గుండ్రంలో చివరివాణ్ణి నేను. ఆవిడ వరస తప్పదు, మధ్యలో ఎవర్నీ వదలదు, అది నాకు తెలుసు. ఒకసారి వదిలిందని కూడా తెలుసు. లేచి నిలబడ్డాను. ఆవిడ చెయ్యి చాచింది. చిన్న చెయ్యి, చల్లగా ఉంది, అల్లిక సూది పట్టిన వేళ్లు గట్టిగా ఉన్నాయి.

“రూలోఫ్, నీ భర్త పుట్టినరోజు. నీకు అభినందనలు.”

గొంతు తగ్గించలేదు.

లోపలి నీళ్లూ బయటి నీళ్లూ సమానమయ్యాక వచ్చే ఆ నిశ్శబ్దం గురించి మూడో నిబంధనలో రాశాను. అది మళ్లీ రాయలేను. ఎవర్ట్ చెబితే తెలిసింది, ఆవిడ చెయ్యి పట్టుకుని అలాగే ఉండిపోయానట. “వదులయ్యా, కాఫీ తాగాలి” అని ఆవిడే అంది.

కాఫీ అయ్యాక ఆవిడ తనే లేచి అరలోంచి ఆ డబ్బా దించింది. మూత తీసి వాసన చూసింది. “అన్నీ మెత్తబడిపోయాయి. మూత వదులైంది. ఇన్నేళ్లలో దీన్ని బాగుచెయ్యడానికి ఒక్కడికీ చేతకాలేదా?” అని, డబ్బా నా ముందు పెట్టింది. ఒకటి తీసుకున్నాను. ఆవిడ మూత వెయ్యలేదు. “ఇంకొకటి తీసుకో” అంది. ఎవర్ట్ కిటికీ వైపు తిరిగి వాన వచ్చేలా ఉందన్నాడు. ఆకాశం నిర్మలంగా ఉంది.

తరువాత బల్ల మీది కాగితాలు చూసి, అవేనా అని అడిగింది. అవే అన్నాను. సాక్షి ఎవరంది. ఒకరు తక్కువయ్యారని హిల్లె చెప్పింది. “నేను పెడతాను” అంది అలైడా.

“మీరు సంతకం పెడితే డబ్బా మీకు రాదండి. సాక్షికి ఏమీ రాయకూడదు” అన్నాను.

“రాయకు. ఇక్కడే ఉండనీ. నేను వచ్చినప్పుడల్లా మూత తియ్యాలి కదా. పెన్ను ఏదీ?”

కాబట్టి ఐదో నిబంధనను నేనే ఒక గీతతో కొట్టేశాను. అక్షరాలు కనబడుతూనే ఉంటాయి. డబ్బా ఎవర్ట్‌కు చెందాలి. ఐదో నిబంధన షరతులు ఇక ఎవరికీ అక్కర్లేదు. ఆరో నిబంధనకి తొందరేమీ లేదు. పదహారో తేదీన నేనూ ఆ చాలామందిలో ఒకణ్ణి అయితే, వచ్చే ఏడు ఇదే రోజున కుర్చీలు ఆరు వెయ్యాలని ఎవర్ట్‌కు చెప్పాను. ఏడు వెయ్యాలంటున్నాడు. హిల్లె భర్తను మరిచిపోయానట.

మెప్పెల్ రేవు, ‘ఇద్దరన్నదమ్ములు’ పడవ, రెండువేల పంతొమ్మిది అక్టోబరు పన్నెండు, శనివారం, మధ్యాహ్నం.

సంతకం: రూలోఫ్ హావర్‌కాంప్

సాక్షులు:

హిల్లె పోస్త్‌మా, పక్క పడవ

అలైడా దెక్కర్, వదిన